నాలుగో వరుస

17 ఏప్రిల్ 1968, బుధవారం

నిన్నటితో సీజన్ అయిపోయింది. చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం ఊరికే నిలబడి ఉంది. బోధన్‌లో మొలాసిస్ వాసన లేని గాలి పీల్చే రోజులు ఇవే.

సాయంత్రం టైమ్ ఆఫీసు రామ్‌దాస్ గారు వచ్చారు. పర్మినెంట్ వర్కర్లను నాలుగేళ్లకొకసారి కుటుంబంతో ఎక్కడికైనా పంపుతారట. ఈ ఏడు బాపు వంతు. మిగతావాళ్లు తిరుపతి, కాశీ రాయిస్తున్నారట. మనం కిరస్తానపోళ్లం, మనకేడున్నది కాశి అని అవ్వ నవ్వింది. బొంబాయి నుంచి గోవాకు సముద్రం మీద ఓడ పోతుంది, అది కూడా రాయొచ్చు అన్నారు రామ్‌దాస్ గారు. ఎన్నడూ ఆర్మూరు దాటని మా బాపు, ఓడనే రాయి బిడ్డా అన్నాడు.

ఫారం నేనే ఇంగ్లీషులో నింపాను. దేవయ్య, పాన్‌మన్. భార్య శారమ్మ, అంటే మా అవ్వ. కూతురు సలోమి, టీచర్. చెల్లెలు సాయవ్వ, వితంతువు. టీచర్ అని రాసేటప్పుడు చేయి కొంచెం ఆగింది. మిషన్ బడిలో చేరి పది నెలలే. మా ఇంట్లో వేలిముద్ర వేయనిదాన్ని నేనొక్కదాన్నే.

ఓడంటే పుట్టి అసొంటిదే గదా, మంజీరల ఎన్నిమార్లు ఎక్కలే అని సాయవ్వ అత్తమ్మ ఇప్పటినుంచే గొప్పలు.

24 ఏప్రిల్

ఫ్యాక్టరీ గేటు దగ్గర నోటీసు. పాకం వండే పాన్ హౌస్‌లో పనిచేసే అందరికీ జూన్ 3న కళ్ల మెడికల్. ఫెయిలైతే అక్కడ పని ఉండదు. చదివి చెప్పాను. బాపు ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

26 ఏప్రిల్, సాయంత్రం

అవ్వ, అత్తమ్మ చర్చికి పోయాక బాపు నన్ను పెరట్లోకి పిలిచాడు.

బాపు కళ్లు పోతున్నాయి.

మోతిబిందు. రెండు కళ్లకూ శుక్లాలు. రెండు సీజన్లుగా దాస్తున్నాడు. పాను అంటే ఇల్లంత కడాయి. అందులో చెరుకు రసం మరుగుతూ చక్కెర గింజ కడుతుంది. గాజుముక్క మీద చుక్క వేసి, బల్బుకు ఎదురుగా పట్టి గింజ చూడాలి. ఇరవై రెండేళ్లు బాపు అదే పని. ఇప్పుడు గింజ కనబడటం లేదు. వేళ్ల మధ్య నలిపి చెబుతున్నాడు. పక్కన పనిచేసే గులాం చిచ్చా గాజుముక్క చూసి బాపు చెవిలో చెబుతాడట.

ఆపరేషన్ చేయించుకుందామన్నాను. రాజనర్సు సంగతి యాదిలేదా అన్నాడు. రాజనర్సు కూడా పాన్‌మనే. కంటి క్యాంపులో ఆపరేషన్ చేయించుకుంటే ఒక కన్ను పోయింది. ఇప్పుడు అతనిది గేటు దగ్గర చెరుకు బండ్లు లెక్కబెట్టే పని.

తర్వాత బాపు అడిగాడు. డిస్పెన్సరీ గోడ మీద చదువురానోళ్లకు ఒక చార్టు ఉంటదట, నువ్వు పంతులమ్మవు గదా బిడ్డా, అది నాకు కంఠతా నేర్పరాదా అని.

అవ్వకు చెప్పొద్దని బైబిలు మీద నా చేయి పెట్టించాడు.

29 ఏప్రిల్

అవ్వ దగ్గు మందు వంకతో డిస్పెన్సరీకి పోయాను. కాంపౌండర్ లోపలికి పోగానే చార్టు ఎక్కించుకున్నాను. ఇంగ్లీషు E లాంటి మూడు కాళ్ల గుర్తు ఒకటే, ఆరు వరుసలు. కాళ్లు ఎటు ఉంటే అటు చేయి చూపాలి. పైకి, కిందికి, కుడికి, ఎడమకు. పై మూడు వరుసలు పెద్దవి, అవి కనబడతాయంటాడు బాపు. నాలుగో వరుస నుంచి కనబడవు.

నా మొదటి దొంగతనం ఒక కాగితం మీద ముప్ఫై గుర్తులు.

2 మే

గులాం చిచ్చా వచ్చాడు. డాక్టర్ సాబ్ మీదికెల్లి కిందికి వరుసగనే అడుగుతడు, మధ్యల దుంకడు, ఫికర్ చెయ్యకు భాయ్ అని బాపుకు ధైర్యం చెప్పాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. వచ్చే సీజన్ నుంచి చిచ్చాను కింది అంతస్తులోకి మారుస్తున్నారట. పానులో ఉడికిన పాకం అక్కడికే దిగుతుంది. కిందివాళ్లు పక్కకు జరిగి చేయి ఊపితేనే పైన పాన్‌మన్ వాల్వు తెరవాలి. ఇగ నీ పాను నా నెత్తిమీదనే, సూస్కోని పొయ్యి భాయ్, నాకింక ఇద్దరు బిడ్డల పెండ్లిల్లు ఉన్నయ్ అని చిచ్చా పగలబడి నవ్వాడు. బాపు కూడా నవ్వాడు. నేను లోపలికి పోయాను.

7 మే, నిజామాబాద్ స్టేషన్

మన్మాడ్ బండి రెండు గంటలు లేటు. అవ్వ జొన్నరొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అత్తమ్మ కొత్త చీర కట్టి ప్లాట్‌ఫాం మీద పెళ్లికూతురిలా తిరుగుతోంది. నాకు మొదటిసారి సెలవులో ఊరు దాటుతున్న సంతోషం ఉండాలి. బ్లౌజులో దాచిన కాగితం గుచ్చుకుంటోంది.

9 మే, ఓడ మీద, మధ్యాహ్నం

సముద్రం!

రాయడానికి ఇంకేమీ తోచడం లేదు. ఎన్ని పద్యాలు చదివాను, ఒక్కటీ పనికి రాలేదు.

బొంబాయి ధక్కా దగ్గర, అంటే ఓడ ఎక్కే రేవు దగ్గర, తోపులాట. ఓడ ఎక్కగానే అందరూ డెక్ మీద చాపలు పరిచి జాగా పట్టారు. అత్తమ్మ మా నలుగురి జాగాలో అడ్డంగా పడుకుని, ఎవడన్నా వస్తే నన్ను తొక్కి పొమ్మని మరాఠీలో అరిచింది. బోధన్ అంగడి మరాఠీ ఇక్కడ పనికొచ్చింది. పక్క చాప కొంకణపు ఆడవాళ్లు నవ్వి జరిగారు.

బాపు, నేను రెయిలింగ్ పక్కన కూర్చున్నాం. నేను వరుస చెబుతాను, బాపు వేలితో గాలిలో చూపుతాడు. కనబడతాయన్నవే అయినా పై నుంచే మొదలుపెట్టాం, రెండు గంటల్లో ఆ మూడు వరుసలు వచ్చేశాయి. నా బడిలో ఒక్కరికి కూడా ఇంత జ్ఞాపకశక్తి లేదు.

మా ఆయన సదువు నేర్సుకుంటుండు, బిడ్డ నేర్పుతున్నది అని అవ్వ కొంకణపు వాళ్లకు సైగలతో చెబుతోంది. గడ్డం నెరిసినంక బడికి పోతుండు మా అన్న, ఇగ కలెక్టరే అయితడు అని అత్తమ్మ. వాళ్లు బాపును చూసి చప్పట్లు కొట్టారు. బాపు సిగ్గుపడ్డాడు. నాకు ఏడుపొచ్చింది.

అదే రోజు, అయిదు గంటలకు

బాపు క్యాంటీన్ నుంచి కెటిల్‌తో చాయ్ తెచ్చాడు. నేను పోస్తానన్నాను. వద్దు, నేనే పోస్త అన్నాడు. అవ్వ గ్లాసు పట్టుకుంది. చాయ్ గ్లాసులో పడలేదు. అవ్వ మణికట్టు మీద ధారగా పడింది. బాపుకు తెలియలేదు, పోస్తూనే ఉన్నాడు.

అవ్వ అరవలేదు. ఓడ ఊగింది అంది. బాపు అప్పుడు కెటిల్ ఎత్తి, అవును, ఓడ ఊగింది అన్నాడు.

సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది.

10 మే

అవ్వకు తెలుసా?

11 మే, పంజిం

నది ఒడ్డున లాడ్జి. అవ్వ చేతికి కొబ్బరినూనె రాశాను. తోలు లేచింది. ఓడ అంటే గట్లనే ఊగుతది గదా అని మళ్లీ అంది. నా మొహం చూడలేదు.

సాయంత్రం బాపును నది గట్టుకు తీసుకుపోయి అడిగేశాను. చాయ్ కాబట్టి తోలు మాత్రమే లేచింది, అది పాకమైతే, కింద గులాం చిచ్చా ఉంటే ఏమవుతుంది అని. బాపు గట్టు మీద చతికిలబడ్డాడు. తర్వాత అన్నాడు, మనోళ్లల్ల పాను మీదికెక్కినోన్ని నేనే మొదలు. అంతకుముందు మనల్ని బూడిద ఎత్తనిచ్చిండ్రు, అంతే. నువ్వు సదువుకున్నవ్, నేను పాను పట్టిన, మన ఇంట్ల మనిద్దరమే బిడ్డా. పాను కాడ నేను దేవయ్యను. గేటు కాడ ఎవన్ని? చిచ్చా చేయి ఊపితే నీడ కనబడతది, అది సాలు అన్నాడు.

నేను దూరంగా నిలబడి చేయి ఊపాను. ఊపితినా అని అడిగాను. ఊపినవ్ అన్నాడు. ఊపడం ఆపి, మళ్లీ అడిగాను. ఊపుతున్నవ్ అన్నాడు.

12 మే, ఆదివారం

పాత గోవా పెద్ద చర్చి. అందులో నాలుగు వందల ఏళ్లనాటి సెయింటు శరీరం పెట్టెలో ఉంది. మనం మెథడిస్టులం, మొక్కొచ్చా వద్దా అని అత్తమ్మకు పెద్ద అనుమానం. చివరికి ఎవరూ చూడకుండా మొక్కింది. బాపు పెట్టె దగ్గర అందరికన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. బయటకు వచ్చాక, మంచిగ కనబడ్డదా అని అవ్వ అడిగింది. మంచిగ కనబడ్డది అన్నాడు.

పెట్టె ఎత్తు మీద ఉంది. కింద నుంచి మా ఎవరికీ ఏమీ కనబడలేదు.

14 మే, తిరుగు ఓడ

ఈరోజు నాలుగో వరుస తప్పు నేర్పాను.

15 మే, బొంబాయి

నిన్న అంతకన్నా రాయలేకపోయాను.

బాపు రెయిలింగ్ పక్కన కూర్చుని, సురువు చెయ్యి టీచరమ్మా అన్నాడు. నేను కాగితం తెరిచాను. ఎడమ ఉన్నచోట కుడి అన్నాను. నా నోటి నుంచి అలా వచ్చింది. అనుకోకుండా వచ్చిందని రాసుకుంటే బాగుండు. కాదు. పంజింలో రెండు రాత్రులు అనుకున్నదే. ఆ తర్వాత సులభమైంది. పైకి ఉన్నచోట కిందికి. నాలుగు, అయిదు, ఆరు వరుసలు మొత్తం తారుమారు. బాపు ప్రతిదీ వేలితో చూపి, గట్లనేనా అని అడిగాడు. గట్లనే అన్నాను. తడబడకుండా చెప్పినప్పుడల్లా శభాష్ అన్నాను, బడిలో పిల్లలను అన్నట్టు.

కాగితం సముద్రంలో వేశాను. వచ్చేసినంక దానితోటేం పని అని బాపే అన్నాడు.

డాక్టరుకు నేనే పోయి చెప్పొచ్చు. చెబితే, కన్నబిడ్డే పట్టిచ్చిందని ఊరంతా బాపు మొహం మీద అంటుంది. ఇలాగైతే ఎవరికీ తెలియదు. ఇది బాపు కోసమా, నా కోసమా? చదువుకున్నందుకు ఇంత తెలివి వచ్చింది.

దీవులు, దీపస్తంభాలు, ఎగిరే చేపలు అన్నీ దాటాం. అత్తమ్మ అన్నీ లెక్కబెట్టింది. నేనొక్కటీ చూడలేదు.

28 మే

బాపు రోజూ రెండుపూటలా అప్పజెబుతున్నాడు. ఒక్కటీ తప్పడం లేదు.

2 జూన్, ఆదివారం

చర్చిలో పాస్టరు గారు అందరి ముందు మా ఓడ ప్రయాణం గురించి సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. సముద్రం పెద్దది అని చెప్పి కూర్చున్నాను.

ఈ రాత్రి చెప్పేయాలి. ఇంకా టైముంది.

చెప్పలేదు.

3 జూన్

గులాం చిచ్చా సైకిల్ మీద వచ్చి అవ్వకు, నాకు చెప్పాడు.

మొదటి మూడు వరుసలు ఫస్ట్ క్లాస్ అట. నాలుగో వరుసలో మొదటి గుర్తుకు బాపు కుడికి చేయి చూపాడు. డాక్టర్ మళ్లీ చూడమన్నాడు. బాపు మళ్లీ కుడికే. మంచిగ చూసి చెప్పు దేవయ్యా అంటే, నేను మంచిగనే సూస్తున్న సార్, మీరే జర కండ్లద్దాలు తుడుసుకోని సూడుండ్రి అన్నాడట. లైనులో ఉన్నవాళ్లంతా నవ్వారు. డాక్టర్ కూడా నవ్వాడు. ఆరో వరుసకొచ్చేసరికి ఎవరూ నవ్వలేదట. బాపు ఒక్కడే గట్టిగా, చేయి వణక్కుండా, అన్నీ తప్పు చూపుతూ పోయాడట.

అరె, పాడుబడ్డ నోరు నాది, ఊకెనే ఫికర్ చెయ్యకంటి అని చిచ్చా కళ్లు తుడుచుకున్నాడు.

బాపు చీకటిపడ్డాక వచ్చాడు. నా దగ్గర కూర్చున్నాడు. నేనే మర్సిపోయిన బిడ్డా, నువ్వు మంచిగనే నేర్పినవ్, నీ సదువుకు మాట తెచ్చిన అన్నాడు. నా తల మీద చేయి పెట్టాడు. చేయి మొదట చెవి మీద పడింది, తర్వాత తల దొరికింది.

10 జూన్

గేటు డ్యూటీ. రాజనర్సు పక్కన ఇంకో స్టూలు వేశారట. ఒక కన్నుకు రెండు గుడ్డి కండ్లు తోడు అని రాజనర్సు జోక్. బాపు అన్నం సగంలో లేచాడు.

21 జూన్

బాపు ఎవరితోనూ మాట్లాడటం లేదు. అవ్వే మాట్లాడింది. పొయ్యి ముందు కూర్చుని, వెనక్కి తిరగకుండా, హైదరాబాద్ కళ్ల దవాఖానల సూపిద్దాం, కన్ను పోతే పోయింది, నేను లేనా చాయ్ పొయ్యనీకి అంది. బాపు మాట వచ్చిన వైపు తిరిగాడు. ఎంత తెలిసింది నీకు అన్నాడు. ఓడ ఊగలేదని తెలిసింది అంది.

నేను తప్పు నేర్పింది కూడా ఆమెకు తెలిసి చెబుతుందేమోనని గోడకు ఆనుకున్నాను. చెప్పలేదు.

11 జూలై, హైదరాబాద్

ఆపరేషన్ అయింది. కుడి కన్ను మొదట. అయినా రెండు కళ్లకూ కట్టు కట్టారు. తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు. బతికున్న మనిషిని పాతిపెట్టినట్టు ఉంది. వారం రోజులు ఇంతే. చూపు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

18 జూలై

సాయంత్రం బాపు చేయి గాలిలోకి లేచింది. అప్పజెబుతున్నాడు. ఆరు వరుసలూ. నేను నేర్పినట్టే, ఒక్కటి కూడా తప్పకుండా. ఇప్పుడన్నా తప్పిందా బిడ్డా అని అడిగాడు.

లేదు అన్నాను.

రేపు కట్టు విప్పి, అద్దాలు పెట్టి చదివిస్తారట. చార్టు మంచానికి ఎదురుగోడ మీదే ఉంది. దగ్గరికి పోయి చూశాను. అదే చార్టు.