ఖాళీ గడికి బాధ్యులు ఎవరు?

కర్నూలు,
18 మే 2005.

చిరంజీవి సౌభాగ్యవతి పద్మప్రియకు, బద్వేలు బాలికల పాఠశాల లెక్కల టీచరు హోదాలోనూ, నా భార్య హోదాలోనూ, ఆశీస్సులతో సుదర్శన్ సమర్పించుకొను విన్నపము.

విషయం: అన్నం సహించకపోవుట.

సూచిక: నిన్న ఫోనులో నీవు "ఎందుకట్లా ఉండారు?" అని వేసిన ప్రశ్న; "ఏం లేదు" అని నేనిచ్చిన తప్పుడు సమాధానం.

పై సమాధానాన్ని ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను.

ఏ పల్లెకు తాగునీటి ట్యాంకరు పోవాలో నిర్ణయించే బాధ్యత ఈ నెల మొదట్లో మా ఆఫీసు కంప్యూటరుకు అప్పగించబడింది. కంప్యూటరుకు ఆ పని నేర్పే బాధ్యత కాంట్రాక్టు ఉద్యోగినైన నాకు అప్పగించబడింది. బోర్ల వివరాలన్నీ డేటాబేసులో ఉంటాయి. దానికి ఒక సొంత భాష ఉంది. బుద్ధిమంతురాలే గాని, ట్యాంకర్లు ఏ దారిన తిరగాలో లెక్కగట్టడం దాని చేత కాలేదు. అందుచేత డేటాబేసు లోపలినుంచే పైథాన్ అనే మరొక భాషను పిలిచి, లెక్క చేయించి, జవాబు తెప్పించుకునే ఏర్పాటు చేశాను. చిక్కేమిటంటే, డేటాబేసు నియమావళి ప్రకారం పైథాన్ 'నమ్మదగని భాష'. దాన్ని లోపలికి రానివ్వాలంటే సర్వాధికారి పాస్‌వర్డు కావాలి. మా సర్వాధికారి సూపరింటెండెంటు దేవేంద్రప్ప గారు. ఆయన ఫైలు మీద "నమ్మదగని అను పదము ఆక్షేపణీయము. 'పరిశీలనలో ఉన్న భాష' అని సవరించి అనుమతించడమైనది" అని రాశారు. పాస్‌వర్డును చీటీ మీద రాసిచ్చి, చీటీ ముట్టినట్టు నా చేత సంతకం తీసుకున్నారు.

పదకొండు రోజులు అంతా సవ్యంగా నడిచింది. సవ్యంగా నడుస్తున్నదని రోజూ నివేదిక ఇచ్చినది కూడా ఆ ప్రోగ్రామే.

సోమవారం ఉదయం ఆలూరు దగ్గరి ఎర్రకొట్టాల నుంచి పదిమంది ఆడవాళ్లు వచ్చి ఆఫీసు వరండాలో కూర్చున్నారు. వాళ్లకు పెద్ద హనుమంతమ్మ అనే ఆవిడ. దేవేంద్రప్ప గారు కంప్యూటరు కాగితం చూసి, "మీ ఊరికి ట్యాంకరు పనిలేదమ్మా. మీ బోర్లో నీళ్లు పైపైనే ఉండాయని వచ్చింది" అన్నారు.

"పైనే ఉండాయా? యాడుండాయో చూపీప్పా, పిల్లోళ్లకు ఈత నేర్పుకుంటాం," అందామె. "పదకొండు దినాలాయ, రెండు మైళ్లు పోయి తోటకాడ అడుక్కుంటాండాం. నిన్నట్నుంచి ఆ తోటాయప్ప గూడా గేటుకు బీగమేసినాడు."

నేను నా కుర్చీలోకి వెళ్లి వెతికాను. పది నిమిషాల్లో దొరికింది. బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచేవాడు పెద్ద ఈరన్న అనే దినకూలీ. ఇరవై ఏళ్ల సర్వీసు, ఈ ఏడు పర్మినెంటు చేసేవాళ్ల జాబితాలో పేరుంది. తాడు దించుతాడు. తడి తగిలితే ఎన్ని అడుగులో రాస్తాడు. బోరు నిలువునా ఎండిపోయి తడే తగలకపోతే ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేస్తాడు. లేని నీళ్లకు లోతేమని రాయాలి? ఖాళీ గడి కనబడితే డేటాబేసు సొంత భాష 'తెలియదు' అని ఊరుకునేది. నేను పైథాన్‌ను "లోతు రెండు వందల అడుగుల కంటే తక్కువా?" అని అడిగాను. దాని శాస్త్రంలో ఏమీ లేకపోవడమనేది ప్రతి అంకె కంటేనూ తక్కువే. "తక్కువే" అంది. తక్కువ లోతులో నీళ్లున్న ఊరికి ట్యాంకరు ఎందుకు? ఆ విధంగా బొత్తిగా ఎండిపోయిన మూడు పల్లెలు సమృద్ధిగా నీళ్లున్నవిగా ప్రకటించబడ్డాయి.

ఆ సాయంత్రమే ఎవరికీ చెప్పకుండా ఆ ఒక్క వాక్యం దిద్దాను. నిన్న ట్యాంకర్లు బయలుదేరాయి. ఈ రోజు ఆ ఖాళీ గడులు చూసి దేవేంద్రప్ప గారు ఈరన్నకు మెమో పంపించారు: 'గడులు ఖాళీగా వదిలి ప్రభుత్వమును తప్పుదారి పట్టించినందున' వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి, లేనిచో తొలగింపు. మెమో టైపు చేసినది నేనే. ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.

జూన్ ఒకటిన నా కాంట్రాక్టు పొడిగిస్తేనే ఇక్కడ బుధవారపేటలో ఇల్లు తీసుకోగలం, నువ్వు రాగలవు. పెళ్లయి పద్నాలుగు నెలలు. మనం ఒక కప్పు కింద ఉన్నది నలభై ఒక్క రోజులు. నేను మాట్లాడకుండా ఉండటం సబబే అని ఒక్క ముక్క రాయగలవని ప్రార్థన.

తమ విధేయుడు,
సుదర్శన్ (తాత్కాలికం)


బద్వేలు,
21 మే.

శ్రీవారికి పద్మప్రియ నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం పైన 'విషయం', 'సూచిక' చూసి మా అమ్మ కోర్టు నోటీసనుకుని ఏడ్చింది. "అల్లుడు విడాకులిస్తాండాడేమే?" అని. దయచేసి ఇకమీదట మనుషుల మాదిరి రాయండి.

మీరు నా సలహా అడగలేదు. మీ సంతకం పక్కన నా సంతకం అడిగారు. పెట్టను.

పరీక్షకు రాని పిల్ల పేరు ఎదుట నేను ఖాళీ వదిలితే మా హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి ఎందుకని అడుగుతుంది. అడగకుండా ఆ పిల్లే ఫస్టు అని బోర్డు మీద రాయించదు. అడగవలసింది మీరు.

కలిసి ఉండాలని నాకు లేదనుకోకండి. ఆ నలభై ఒక్క రోజులూ నేనూ లెక్కపెట్టుకున్నాను. కానీ ఆ ఇంట్లో మీరు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉంటే, ఎందుకని అడగకుండా ఎన్నాళ్లు వడ్డించను?

పద్మప్రియ


ఆలూరు,
24 మే.

పద్మా,

నిన్న తప్పు నాదేనని కాగితం రాసి దేవేంద్రప్ప గారి ముందు పెట్టాను. రెండుసార్లు చదివారు.

"ఈ ప్రోగ్రాము ఎవరి పేరు మీదుండాది?"

"మీ పేరు మీదే సార్. మీ పాస్‌వర్డుతో చేసింది గదా."

"అట్లయితే ఈ కాగితం నాకు అందలే," అన్నారు, దాన్ని చేతిలో పట్టుకునే. "నమ్మదగని దానికి అనుమతిచ్చినోడు దేవేంద్రప్ప అని ఊరంతా చాటిస్తావా? ఈరన్నకు పొయ్యేదేముందప్పా, కూలోడు. నీకైతే కాంట్రాక్టు పోతాది. పో, టీ తాగి రాపో."

టీ తాగలేదు. నకలు తీయించి ఊళ్లోనే ఉన్న పై ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకున్నాను. ఇంకొక నకలు తీసుకుని ఈ ఉదయం ఆలూరు బస్సెక్కాను.

ఈరన్న ఇంటి అరుగు మీద కూర్చుని తాడు ముళ్లు సరిచేసుకుంటున్నాడు. నేను చెప్పిందంతా విని, లోపలికి పోయి తన దగ్గరుంచుకున్న నకలు కాగితాల కట్ట తెచ్చాడు. ఒక్కొక్కటే తిప్పి చూపించాడు. ఖాళీ గడి ఉన్న ప్రతి కాగితం వెనక పెన్సిలుతో రాసి ఉంది: 'తాడు తగల్లేదు. బోరు ఎండింది.'

"మీ ఫారంలో అంకెకే చోటుండాది సారూ, మాటకు లేదు. అందుకే యెనక రాస్తా. మునుపు గుమాస్తా బొజ్జన్న కాగితం తిప్పి చూసేటోడు. మీ కంప్యూటరు తిప్పదంట గదా."

ఆ ఫారం గీసింది నేను. పద్మా, ఎండిపోయిన బోరు ఒకటి ఉంటుందని నాకు తోచనే లేదు, ఈ జిల్లాలో పుట్టి!

అతని సంజాయిషీ నేనే రాశాను, నాలుగు వాక్యాల్లో. నా నకలూ అతని కాగితాలూ జతచేశాను. ఈరన్న సంతకం పెట్టి, ఆలూరు పోస్టాఫీసులో రిజిస్టరు చేయించి, రసీదు జేబులో పెట్టుకున్నాక అన్నాడు: "నాకు చెప్తే సాలదు. ఎర్రకొట్టాలకు పా."

దారిలో దేవేంద్రప్ప గారు ఫోను చేశారు. పై ఆఫీసు నుంచి అడిగారట. ఈరన్న మెమో 'పునఃపరిశీలనలో' ఉంది. నా కాంట్రాక్టుకు పరిశీలన కూడా లేదు; ఒకటో తారీకు నుంచి రానక్కర్లేదు. శుక్రవారం బద్వేలు వస్తాను. అక్కడ ఏం పని దొరుకుతుందో తెలియదు. భయంగానే ఉంది.

ఎర్రకొట్టాలలో ట్యాంకరు వచ్చి పోయింది. హనుమంతమ్మ నన్ను చూడగానే గుర్తుపట్టింది. తప్పు నాదని చెప్పాను. ఆమె గుడిసెలోకి పోయి నిండు చెంబు నీళ్లతో వచ్చింది.

"వద్దమ్మా," అన్నాను.

"పదకొండు దినాలు ఇంటికొచ్చినోళ్లకు చెంబెడు నీళ్లియ్యలేక తలుపు దగ్గరికేసుకుని కూచున్యాం," అంది. "మా అన్నొచ్చినా లేదనిపించినా. నీళ్లొచ్చినాక మొదట వాకిట్లోకొచ్చినోడివి నువ్వే. తాగు."

తాగాను, పద్మా. చెంబు పూర్తయ్యేదాకా ఆమె అక్కడే నిలబడింది.

నీ
సుదర్శన్