గడ్డిలోంచి గురుగ్రహం

నువ్వు పోయిన రోజు పొద్దున తోటలో కాఫీ పళ్లు కోశావు. మధ్యాహ్నం గుండెల్లో నొప్పంటే జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లాను. చీకటి పడకముందే నిన్ను తిరిగి తీసుకొచ్చాం. ఆ తర్వాత నీ టెలిస్కోప్‌ను నేను ముట్టుకోలేదు.

ఈరోజుతో ఏడాది. గుమ్మలక్ష్మీపురం నుంచి మీ అమ్మ వచ్చింది. సాయంత్రం ప్రార్థన అయ్యాక, "నా గుంట రోజూ సలిలో నిలబడి ఏటి సూసేదో నాకూ సూపించు అల్లుడు బాబూ. రేపు ఎల్లిపోతాను" అంది.

కాఫీ గింజలు ఆరబోసే సిమెంటు కళ్లం చదునుగా ఉంది కదా అని టెలిస్కోప్ అక్కడే నిలబెట్టాను. ముసలి కళ్లకు బాగా కనబడాలని అన్నిటికన్నా పెద్దగా చూపించే కటకం బిగించాను. గురుగ్రహం అంచులు కరిగిపోతూ ఊగింది.

"అంబలి ఉడుకుతున్నట్టుంది. దీనికోసమా అది అన్నం మాడ్చేసేది?"

ఆమె నవ్వలేదు. ఇదే చూసి వెళ్లిపోతే, నువ్వు ఉత్తినే చలిలో నిలబడ్డావనుకుంటుంది.

పగలంతా కాగిన సిమెంటు చీకటి పడ్డాక వేడి వదులుతుంది. ఆ వేడికి పైన గాలి కదులుతుంటే, గ్రహాన్ని ఎంత పెద్దది చేస్తే వణుకూ అంత పెద్దదవుతుంది. టెలిస్కోప్‌ను అంత వేడెక్కని గడ్డిలోకి మార్చి, అందులో సగమే పెద్దది చేసే కటకం పెట్టాను. గ్రహం చిన్నదైంది. దాని మీద రెండు చారలు, పక్కన దాని చందమామలు నిలకడగా కనబడ్డాయి.

మీ అమ్మ చాలాసేపు కన్ను తీయలేదు.

"సిన్నదే గానీ సక్కగుంది. రేపూ ఉంటాదేటి?"

"ఉంటుందత్తా."

"అయితే నేనూ ఉంటాను."

రేపు పొద్దున గడ్డిలో ఆ చోటు చదును చేసి, ఆమె కూర్చుని చూడటానికి ఒక బల్ల వేస్తాను.