పోటు రాని ఉదయం

అక్టోబర్ 11

చిన్నాన్న మస్కట్ నుంచి సెలవుకొచ్చేడు. సెంట్లూ బాదంపప్పూ పంచడం అయ్యేక, సూట్‌కేసు అడుగునుంచి తువ్వాల్లో చుట్టిన గుండ్రటి వస్తువొకటి తీసేడు. ఓడ చుక్కాని చక్రంలా చుట్టూ చెక్కపిడులు, మధ్యలో ఇత్తడి రింగు, అద్దం వెనకాల ముల్లు. దొరల బంగళాలోంచి ఊడదీసుకొచ్చినట్టుంది. వెనక స్టిక్కరు మాత్రం నిన్నగాక మొన్నటిది.

అందరూ గడియారం అనుకున్నారు. బేటరీ ఎక్కడ వేస్తారని అమ్మ వెనక్కి తిప్పింది. పన్నెండు అంకె లేదేంట్రా తాతబ్బాయీ, అక్కడ రోజుకెన్ని గంటలూ అని నాయనమ్మ అడిగింది. చిన్నాన్నకీ తెలీదు. షాపువాడు వెదర్ వెదర్ అన్నాడట, గోడకి బావుంటుందని కొనేసేడట.

బారోమీటర్ అని నేను చెప్పేను. గాలి బరువు చూసేది. బీఎస్సీ ఫిజిక్స్ మూడేళ్ళూ మా లేబ్‌లో ఒకటి అద్దాల బీరువాలో తాళమేసి ఉండేది. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇప్పుడు మా హాల్లో, కేలండర్ తీసేసిన మేక్కి వేలాడుతోంది.

గాలికి బరువేంటమ్మా అని నాన్నగారు అడిగేరు. డిగ్రీ అయి ఏడాదిన్నర. నా చదువు గురించి ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న ఇదే. జవాబు కోసం ఆగలేదు, చేలోకి వెళ్ళిపోయేరు.

అక్టోబర్ 12

అద్దం లోపల రెయిన్, చేంజ్, ఫెయిర్, వెరీ డ్రై అని వరసగా రాసుంది. ముల్లు ఫెయిర్ మీద ఉంది. పొద్దుట్నించి ఒకటే వాన.

అక్టోబర్ 14

ఇంటిల్లిపాదీ తప్పు ముల్లు చూస్తున్నాం!

ముళ్ళు రెండు. తళతళా మెరిసే ఇత్తడిది ఒట్టి గుర్తు. అద్దం మధ్యలో ఉన్న మర తిప్పితే తిరుగుతుంది, లేకపోతే పెట్టినచోటే చచ్చినట్టు పడుంటుంది. అసలుది దాని వెనకాల నల్లగా, వెంట్రుకలా ఉంది. మెరవదు కాబట్టి ఎవరికీ ఆనలేదు. నాక్కూడా. ఫిజిక్స్ చదివిన నాక్కూడా.

నల్లది చేంజ్ మీద ఉంది. పొద్దుట్నించి చూస్తున్నాను, చేంజ్ దాటదు. ఈ ఇంట్లో ఎప్పటికీ మారనిది చేంజ్ ఒక్కటే. ఆ మాటలు రాసినవాళ్ళ ఊరు వేరు, వాళ్ళ వానలు వేరు.

అసలు పనిచేస్తోందా అని దాన్ని అమ్మ పట్టుచీర దాచే జిప్ కవర్లో పెట్టి, గాలి నిండా ఉండగానే మూసి, అరచేత్తో నొక్కేను. నల్లముల్లు కదిలింది. చెయ్యి తీసేను, వెనక్కొచ్చింది. మళ్ళీ నొక్కేను. ఎంతసేపు ఆడేనో తెలీదు. కంటికి కనపడని దాన్ని తోస్తే, అద్దం లోపల అది పిలిస్తే పలికినట్టు ఆయ్ అంటోంది.

అక్టోబర్ 19, సాయంత్రం 4

పడుతోంది! పొద్దున్న నల్లముల్లు మీద ఇత్తడిది సరిగ్గా నిలబెట్టి వెళ్ళేను. ఇప్పుడు నల్లది కిందికి జారి ఉంది. బియ్యపుగింజంత తేడా. వాన ఖాయం. అమ్మ డాబా మీద కొబ్బరిచిప్పలు ఎండేసింది.

అదే రోజు, సాయంత్రం 6

చుక్క పడలేదు. అమ్మా, నేనూ, పక్కింటి సూర్యావతి అత్తా పరుగులు పెట్టి చిప్పలన్నీ గోనెసంచుల్లోకి ఎత్తేం. ఎత్తడం అయ్యేకా ఎండ కాస్తూనే ఉంది. సూర్యావతి అత్త నడుం పట్టుకుని, ఏవండీ వాతావరణంగారూ, రేపు మంచు కురుస్తుందా, దుప్పట్లు తియ్యమంటారా అంది. నాన్నగారు కూడా నవ్వేరు. పైకి నవ్వలేదు. కానీ చూసేను.

అక్టోబర్ 20

ముల్లు మళ్ళీ నాలుగింటికే పడింది. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. నోరు మూసుకున్నాను.

అక్టోబర్ 24

చిన్నాన్న వెళ్ళిపోయేడు. గోడమీది అద్దాన్ని చూస్తే తిక్కగా ఉంది. రోజూ ఇదే వరస. పొద్దున్న ఎక్కుతుంది, పదింటికి పైకొస్తుంది, నాలుగింటికి దిగుతుంది, రాత్రికి మళ్ళీ ఎక్కుతుంది. వానొచ్చినా ఇంతే, ఎండకాసినా ఇంతే. పాడైపోయింది, చవకబారు సరుకు అన్నాను.

నాయనమ్మ వక్కలు కత్తిరిస్తూ వింటోంది. తన పుట్టిల్లు అంతర్వేది పక్క. రోజుకి రెండుసార్లు సముద్రం ఏట్లోకి ఎక్కుతుంది, అది పోటు, రెండుసార్లు దిగుతుంది, అది పాటు, ఏరు పాడైపోయిందని ఎవరేనా అంటారటే అంది. ఊరికే నన్ను ఆటపట్టించడానికి అంది. వక్క నోట్లో వేసుకుని ఆ సంగతి మర్చిపోయింది.

నేను మర్చిపోలేదు. ఫోన్ తీసి వెతికేను. నిజం! గాలికి పోటూ పాటూ ఉన్నాయి. ఏటికి చంద్రుడైతే దీనికి సూర్యుడు. చలిదేశాల్లో తుఫాన్ల గోలలో తెలీదట, మన వైపు రోజూ తెలుస్తుందట.

డాబా ఎక్కేను. కొబ్బరిచెట్ల తలలు, పైన నీలం, ఇంకేం లేదు. ఏం లేదనుకుంటాం. ఆ పైన ఎవరూ చూడని గోదారి ఒకటి రోజుకి రెండుసార్లు ఉప్పొంగి తీస్తోంది. దాని అడుగున మేం బట్టలారేసుకుంటున్నాం. ఇరవైరెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఏమీ జరగదని విసుక్కున్నాను. ఇంత జరుగుతోంది నా నెత్తిమీదే.

అక్టోబర్ 30

పదింటికి పోటు. చూడకపోతే ఏదో తినడం మర్చిపోయినట్టుంటోంది.

నవంబర్ 6

దిబ్బ పక్కనున్న మా రెండెకరాలూ కోసేరు. వరి పనలు పరిచినట్టు చేలో పడున్నాయి. పక్కనే సూర్యావతి అత్తవాళ్ళవీ అంతే. ఇంకో రెండెండలు తగిలితే కట్టలు కట్టి కుప్ప వేస్తారు. పచ్చిమీద కుప్పేస్తే లోపల వేడెక్కి గింజ రంగు మారిపోతుందని నాన్నగారి భయం. పనల మీద వానపడితే మొలకలొస్తాయని ఇంకో భయం. కౌలు ఈ చేలోంచే కట్టాలి.

సముద్రంలో అల్పపీడనం ఉందట. పైకి, ఒడిశా వైపు పోతుందని టీవీలో చెప్పేరు.

నవంబర్ 8, ఉదయం 10

పోటు రాలేదు.

అదే రోజు, 11

మళ్ళీ చూసేను. మరనీ, మేకునీ, అన్నీ చూసేను. పొద్దున్న ఆరింటికి ఇత్తడిముల్లు పెట్టి వెళ్ళేను. ఈపాటికి నల్లది దాని పైన ఉండాలి. కిందుంది. బయట ఎండ కడిగినట్టుంది, ఆకు కదలడం లేదు. ఇంత అందమైన పగలు ఈ నెల్లో రాలేదు.

అదే రోజు, రాత్రి, దీపం పెట్టేక

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాన్నగారు అరుగు మీద టీ తాగుతున్నారు. సూర్యావతి అత్త గోడవతల. ప్రెషర్ పడిపోతోందన్నాను. ఆయన ఆకాశం చూసేరు. మిల్లీబార్లన్నాను. టీవీలో ఒడిశా అన్నారు కదమ్మా అన్నారు. ఈసారి ఎవరి చిప్పలు ఎత్తాలండీ వాతావరణంగారూ అని గోడవతల్నుంచి అత్త. ఏడుపొచ్చేసింది. ఏడవలేదు. నోటికేదొస్తే అది అనేసేను. గాలికి పోటు రాలేదండి నాన్నగారూ, రోజూ పదింటికి వస్తుంది, ఒక్కరోజు తప్పలేదు, ఇవాళ రాలేదు అన్నాను.

టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది.

మా చేలో నీళ్ళు మురుక్కాలవలోకి దిగాలంటే పాటు రావాలి. పోటు మీదుంటే కాలవ నీళ్ళే చేలోకి ఎగదన్నుతాయి. తూము తియ్యాలన్నా, ఊడ్పులకి దిగాలన్నా ఆయన ముందు అడిగేది అదే. పోటు వేళకి పోటు రాకపోవడమన్నది ఆయన పుట్టి బుద్ధెరిగేక చూడలేదు. అసలు రాలేదా, ఆలస్యమైందా అని అడిగేరు. అసలు రాలేదండి, పాటు మీద పాటు తీస్తోందన్నాను.

లోపలికొచ్చేరు. అద్దం ముందు నిలబడ్డారు. ఏది నల్లదమ్మా అన్నారు. చూపించేను. ఫోన్ తీసి మనుషుల్ని పిలిచేరు.

చీకటి పడేదాకా మోసేం. అమ్మా నేనూ కూడా. పచ్చిగానే కుప్పేసి బరకాలు కప్పేం. ఆ కుప్ప వేడెక్కిపోతే, రేపు ఎండ కాస్తే, నాన్నగారు నన్ను జన్మలో ఏదీ అడగరు. మూడింటికి సూర్యావతి అత్త గట్టుమీదికొచ్చింది. ముల్లెక్కడుందే తులసీ అంది. గారూ లేదు, నవ్వూ లేదు. ఇప్పుడే ఇంటికెళ్ళి చూసొచ్చేను, ఇంకా కిందికే అన్నాను. వాళ్ళూ మొదలుపెట్టేరు. సగం అయ్యేసరికి చీకటి పడిపోయింది.

ఇంటికొచ్చి టీవీ పెడితే తుఫాను దారి మార్చిందంటున్నారు.

నవంబర్ 9

కరెంటు లేదు. ఫోన్లు లేవు. ఈ లోకంలో మాతో మాట్లాడుతున్నది గోడమీది ముల్లొకటే. మొదటిసారి చేంజ్ వదిలింది. రెయిన్ అన్న అక్షరాల్లోకి దిగి, ఇంకా దిగుతోంది. కొబ్బరిచెట్లు నేలదాకా వంగి లేస్తున్నాయి, కొన్ని లేవడం లేదు. పెరట్లో రేకు ఒకటి కాగితంలా ఎగిరిపోయింది. అందరం హాల్లోనే, గోడకి ఆనుకుని. కళ్ళు అద్దం మీదే.

అదే రోజు, మధ్యాహ్నం

గాలి మోత ఏమాత్రం తగ్గలేదు. కానీ గంట కిందట కలిపి పెట్టిన ఇత్తడికీ నల్లదానికీ మధ్య సందు కనపడింది. వెంట్రుకంత. నల్లది పైనుంది. ఎక్కుతోంది, తుఫాను వెళ్ళిపోతోంది అన్నాను. ఎవరికీ వినపడలేదు. అరిచి చెప్పేను. తలుపు ఊడిపోయేలా కొట్టుకుంటుంటే వెళ్ళిపోతోందంటావేంటే పిచ్చిపిల్లా అంది అమ్మ. నాన్నగారు మాత్రం కళ్ళు మూసుకుని గోడకి తల ఆన్చేరు. కాసేపటికి నిద్రపోయేరు. ఆ హోరులో.

ఆయన లేచేసరికి గాలి తగ్గింది.

నవంబర్ 11

నీళ్ళలో నడుచుకుంటూ చేలోకి వెళ్ళేం. కుప్ప నిలబడింది. పైవరస తడిసి ముద్దయింది. మోచేతిదాకా చెయ్యి లోపలికి పెట్టేను. వెచ్చగా, పొడిగా ఉంది. కొంత గింజ రంగు మారుతుంది, మారనీ అన్నారు నాన్నగారు. సూర్యావతి అత్తవాళ్ళది సగం కుప్పలో, సగం నీళ్ళలో. ఆవిడ నీళ్ళలోంచి ఒక పన ఎత్తి చూసింది. నిన్ను చూసి నవ్వుతూ కూర్చున్న పూటంత పంట పోయిందే అంది. ఆవిడ కొంగు పట్టుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చేసరికి అద్దానికి కుంకం బొట్టు. నాయనమ్మ పని. సరిగ్గా వెరీ డ్రై మీద పెట్టింది. ముల్లు అక్కడిదాకా ఎప్పుడూ పోదు. తుడవలేదు.

నవంబర్ 13, ఉదయం 10

చేలోంచి నాన్నగారి ఫోను. హలో లేదు, ఏం లేదు. అమ్మా, వచ్చిందా అన్నారు.

చూసేను.

ఆయ్, వచ్చిందండి.