పొంతన కుదరని జవాబులు

ఆగస్టు 4, సోమవారం. బందరు

ఇవాళ్టి నుంచి ఫోన్లు మోగడం మొదలైంది. ఇంట్లో మంచాన పడ్డ మనిషిని చూసుకునేవాళ్లు మొత్తం నూట ఇరవై మంది. బందరులో నలభై, గుడివాడలో నలభై, దివిసీమలో నలభై. రోజుకు మూడుసార్లు, పదింటికి, రెండింటికి, ఏడింటికి యాప్ బీప్ మంటుంది. తెర మీద రెండు గీతలు వస్తాయి. నవ్వు మొహం బొమ్మ ఉన్నది సంతోషం, ఏడుపు మొహం బొమ్మ ఉన్నది బాధ. సున్నా నుంచి పది దాకా వేలితో జరపాలి. అంతే. దాన్నిబట్టి ఎవరి మనసు ఎలా తట్టుకుంటోందో గిరిధర్ గారు తేలుస్తారట. ఆయన సైకాలజీ ప్రొఫెసర్, ప్రాజెక్టు ఆయనదే. నేను దివిసీమ సూపర్‌వైజర్‌ని.

నాకు సైకాలజీ తెలియదు, ఫారాలు తెలుసు. పదకొండేళ్లు సర్వేలు చేశాను. చేపల చెరువులు, మరుగుదొడ్లు, రేషన్ కార్డులు. ఒక గడిలో భర్త ఉన్నాడని, ఇంకో గడిలో వితంతువని రాస్తే ఆఫీసరు ఫారం మొహాన కొట్టేవాడు. అందుకని పొంతన లేని జవాబు కనిపిస్తే ఎండ అనకుండా మళ్లీ ఆ ఇంటికి వెళ్లి సరిచేసుకుని వచ్చేదాన్ని. నా ఫారం ఒక్కటీ వెనక్కి రాలేదు.

బీప్ వస్తోందో లేదో చూసుకోవడానికి నా ఫోన్లోనూ యాప్ పెట్టారు. టెస్ట్ నంబరు 000. సంతోషం 5, బాధ 0 అని పెట్టి కాఫీ తాగాను.

ఆగస్టు 9

మావాళ్లు కొందరు రెండు గీతలూ పైకే జరుపుతున్నారు. సంతోషం 7, బాధ 8. ఇదెక్కడి చోద్యం. యాప్ తయారుచేసిన అతన్ని అడిగి నా నలభై మందికీ, టెస్ట్ నంబరుకీ ఒక మెసేజ్ పెట్టించాను. రెండూ అయిదు దాటితే వెంటనే వస్తుంది. 'మీ జవాబుల్లో పొంతన కుదరలేదు. దయచేసి సరిచూసుకోండి.' వాక్యం నేనే రాశాను. 'దయచేసి' కూడా నాదే.

మెసేజ్‌కి కదలని వాళ్లకు ఫోన్ చేస్తున్నాను. రెండూ ఎలా కుదురుతాయండీ, ఏది ఎక్కువో అది చెప్పండి అంటే చెప్పేస్తున్నారు. మంచివాళ్లు. పాత అంకె చెరిపే అలవాటు నాకు లేదు. నోటుబుక్కులో అది రాసి, అడ్డగీత కొట్టి, పక్కన కొత్తది వేసి పొట్టి సంతకం పెడతాను. ఆ తర్వాతే కంప్యూటర్లో మారుస్తాను.

మా ఆయన శశిధర్ నోటుబుక్కు చూసి నవ్వారు. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని చీటీ అంటించే మనిషిని ప్రపంచంలో నన్నొక్కదాన్నే చూశారట. చీటీ లేని రోజుల్లో కాఫీలో ఉప్పు వేసింది ఎవరో మాత్రం చెప్పరు.

ఆగస్టు 21

కృపమ్మ భర్త ప్రకాశరావు నిన్న పోయాడు. ఇవాళ మట్టి చేశారు. వాళ్లది నాగాయలంక అవతల. తొమ్మిదేళ్ల పక్షవాతం. ఒంటికి పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, రాత్రీ పగలూ. తిప్పింది ఆవిడొక్కతే. నా నలభై మందిలో ఒక్క బీప్ కూడా తప్పనిదీ ఆవిడే. ఈ వారం జవాబులు ఇవ్వకపోయినా ఫర్వాలేదని ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఎలాగూ పిలవడు, ఇదన్నా పిలవనీండి అంది.

ఆగస్టు 23

కృపమ్మ నిన్న పదింటికి సంతోషం 8, బాధ 10 పెట్టింది. భర్తను మట్టి చేసిన మర్నాడు! మెసేజ్ వెళ్లినా మార్చలేదు. ఫోన్ చేసి, వేలు జారిందా అమ్మా, సంతోషం ఎనిమిది అని పడింది అన్నాను. మీరెలా అంటే అలాగే రాసుకోండి అంది. సంతోషం 0. నా సంతకం.

సెప్టెంబరు 2

కృపమ్మ నుంచి పది రోజులుగా జవాబుల్లేవు. ఫోన్ ఎత్తడం లేదు.

సెప్టెంబరు 12. గుడివాడ

మీటింగ్. గిరిధర్ గారు చార్టులు చూపించారు. బందరులో, గుడివాడలో నాలుగు జవాబులకు ఒకటి రెండు గీతలూ పైకి ఉన్నదేనట. సంతోషం, బాధ ఒకేసారి పట్టుకోగలిగినవాళ్లే ఎక్కువ కాలం తట్టుకుంటారేమో అన్నది ఆయన ప్రశ్న. ఆ జవాబుల కోసమే ఈ ప్రాజెక్టంతా. వాటి మీద ఎవరూ చెయ్యి పెట్టకూడదని మాన్యువల్ పద్నాలుగో పేజీలో ఉందట. నేను తొమ్మిదో పేజీ దాటలేదు.

తర్వాత దివిసీమ చార్టు వేశారు. సున్నా. ఆయన మొహం వెలిగిపోతోంది. సముద్రం అంచున బతికేవాళ్లు ఏ భావాన్ని ఆ అరలో పెట్టుకుంటారేమో, దీని మీద విడిగా పేపరు రాయాలి అన్నారు. గుడివాడ సూపర్‌వైజర్ హరిణి నా వైపు వంగి, గందరగోళమంతా మావాళ్లకేనా అండీ, మీవాళ్లు ఎంత క్లియర్‌గా ఉన్నారో అంది. ఇంకో రెండేళ్లు ప్రాజెక్టు పొడిగిస్తే ముందు నా కాంట్రాక్టే రెన్యూ చేస్తామన్నారు. థాంక్యూ సర్ అన్నాను.

తిరిగి వస్తూ బస్సులో నోటుబుక్కు తీసి అడ్డగీతలు లెక్కపెట్టాను. రెండు వందల పద్నాలుగు. దివిసీమలో ఆ సున్నా సముద్రం వల్ల రాలేదు.

సెప్టెంబరు 13

చెప్పలేదు.

సెప్టెంబరు 16

చెప్పలేదు. ఇవాళ గిరిధర్ గారే ఫోన్ చేసి దివిసీమ వాళ్ల గురించి నాలుగు మాటలు రాసిమ్మన్నారు, పేపర్లో వేస్తారట. రాయడానికి కూర్చున్నాను. ఒక్క మాటా రాలేదు. నాకు భయంగా ఉంది. ఈ వయసులో మళ్లీ మరుగుదొడ్లు లెక్కపెట్టలేను.

సెప్టెంబరు 19. అవనిగడ్డ బస్టాండు, సాయంత్రం 5

కృపమ్మ ఇంటికి వెళ్లి వస్తున్నాను. బస్సు ఇంకా రాలేదు, ఇక్కడే రాసేస్తాను.

గుమ్మంలోనే పక్కింటావిడ ఆపింది. కృపమ్మ చర్చికి రావడం మానేసిందట. ఎవరిచేతో ఫోన్లో అలారాలు పెట్టించుకుని రాత్రి రెండు గంటలకోసారి లేచి, ఖాళీ మంచం పక్కన కాసేపు కూర్చుని, మళ్లీ పడుకుంటోందట. అడిగితే అలవాటు అంటోందట.

లోపల మంచం అలాగే ఉంది, దుప్పటి మడత పెట్టి. కృపమ్మ కళ్లు లోపలికి పోయాయి. నన్ను చూసి భయపడింది. ఆఫీసు నుంచి ఇంకా ఏమైనా అడగడానికి వచ్చాననుకుంది. ఏమీ లేదు, ఎందుకు ఫోన్ తియ్యడం లేదో చూసి పోదామని వచ్చానన్నాను. చాలాసేపు దుప్పటి అంచు సర్దింది.

"మట్టి చేసిన రాత్రి తెల్లారేదాకా నిద్రపోయానండి మేడం గారూ. తొమ్మిదేళ్లలో అదే మొదలు. ఎండ మొహాన పడితే లేచాను. ఒళ్లు దూదిలాగ ఉంది. అప్పుడు ఏడుపొచ్చింది. ఉన్నది ఉన్నట్టు రెండూ పెట్టాను. మీరు ఫోన్ చేశాకే తెలిసింది, అట్టా నిద్రపోకూడదని."

పదకొండేళ్లలో ఎంతమంది ఇళ్లకు వెళ్లి ఎన్ని జవాబులు సరిచేశానో. ఒక్కరైనా తర్వాత ఎలా పడుకున్నారో నేను వెనక్కి వెళ్లి చూడలేదు.

"తప్పు మీది కాదమ్మా, నాది. రెండూ ఉండొచ్చు. ఉంటాయి. నాకే తెలియక అడిగాను."

ఆవిడ నమ్మలేదు. మరి ఆఫీసు కాగితాల్లో ఏం రాశారు అని అడిగింది. నోటుబుక్కు తీసి చూపించాను. అడ్డగీత కొట్టిన 8, పక్కన సున్నా, నా సంతకం. ఆవిడకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. ఆవిడ చూస్తుండగానే సున్నా కొట్టేసి మళ్లీ 8 వేసి సంతకం పెట్టాను. ఆ 8 మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టింది. అలారాలు ఎలా తీయాలో తనకు తెలియదట. అయిదు ఉన్నాయి. అయిదూ తీసేశాను.

సెప్టెంబరు 20

గిరిధర్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. అసలు అంకెలు ఉన్నాయా అని ఒక్కటే అడిగారు. ఉన్నాయన్నాను. తేదీ, టైముతో సహా.

సెప్టెంబరు 22. గుడివాడ

నోటుబుక్కు ఇచ్చేశాను. ఆయన ప్రతి పేజీ తిప్పారు. అంకెలు వెనక్కి వేయొచ్చట. కానీ నా ఫోన్ వచ్చాక జనం జాగ్రత్తపడి ఒకే గీత జరిపి ఉంటారు, ఆ తర్వాతి జవాబుల్ని ఎంతవరకు నమ్మాలో తెలియదట. దివిసీమ పేపరు లేదు. నలభై మంది ఫోన్ల నుంచీ ఆ మెసేజ్ ఇవాళే తీయించారు. నా కాంట్రాక్టు ముప్పయ్యో తారీకుతో సరి.

లేవబోతుంటే, పాతవి చెరపకుండా ఎందుకు ఉంచారు అని అడిగారు. సర్వేల్లో అలాగే నేర్పారండీ అన్నాను. కాఫీ తెప్పించారు. ఇద్దరం తాగాం.

ఇంటికొచ్చి చెప్పాను. శశిధర్ ఒక్క జోకూ వెయ్యలేదు. అప్పుడు బాధేసింది.

సెప్టెంబరు 29

కృపమ్మ ఫోన్ చేసింది. నిద్ర పడుతోందట. ఎప్పుడైనా మధ్యలో మెలకువ వస్తే ఆయన వైపు ఒకసారి చూసి మళ్లీ పడుకుంటోందట. ఆయన వైపు అనే అంది. నేను సరిచేయలేదు.

సెప్టెంబరు 30. సాయంత్రం 7

బీప్ మంది. టెస్ట్ నంబరు తీసేయాలని ఎవరికీ గుర్తు రాలేదు.

బాధ 7. సంతోషం 8.

వెంటనే మెసేజ్. మీ జవాబుల్లో పొంతన కుదరలేదు. దయచేసి సరిచూసుకోండి.

సరిచూసుకున్నాను. సరిగ్గానే ఉంది.