వెనక మనిషి గొంతు

చిరంజీవి హేమసుందర్‌ను అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ ఢిల్లీలో, కటవారియా సరాయ్ గదిలో నేనూ, నీ చెల్లెలు భానూ కులాసా. ఆ మంచులో నువ్వూ కులాసాగానే ఉన్నావని నమ్ముతున్నాను. నమ్మక ఏం చేయను, నీ సరిహద్దు పోస్టుకు ఫోనే కలవదాయె!

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలు మెట్లెక్కేటప్పుడే సతాయిస్తోంది. భాను పరీక్షకు బాగానే చదువుతోంది. వంటగదిలోకి పిలిస్తే మాత్రం "అమ్మా, రివిజన్ హై" అంటుంది. స్వెట్టర్ వదులైందని రాశావు. వదులైంది స్వెట్టర్ కాదు, నువ్వే చిక్కావు. వేళకు తిను.

ఇక డీవీడీ సంగతి. అక్కడ పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు, యూనిట్‌లో డీవీడీ ప్లేయర్ ఒక్కటే ఉందన్నావుగా. మీ నాన్నగారు తీసిన ఆరు వీడియో కేసెట్లూ సందీప్ అనే అతని దుకాణంలో ఇచ్చాను. తెర మీద మెనూ వస్తుంది: ధౌలా కువాన్ క్వార్టర్, నీ సైకిల్, భాను అన్నప్రాశన, హోలీ. పేర్లు తెలుగులోనే ఉండాలని పట్టుబట్టి నేనే కాగితం మీద రాసిచ్చాను. అన్నిట్లో మనమే ఉన్నాం, తీసిన మనిషి ఎక్కడా కనపడరు. కెమెరా వెనక నుంచి గొంతు ఒక్కటే వినిపించేది. ఆయన పోయిన ఈ రెండేళ్లలో ఆ గొంతు వినాలని ఎంత ఉందో రాశావు. నాకు మాత్రం లేదూ?

ఇంతవరకూ దాటేస్తూ వచ్చాను, ఇక చెప్పక తప్పదు. క్వార్టర్ మీదుగా పోయే విమానాల రొదలో ఆయన మాటలు సరిగా వినిపించడం లేదు. అందుకని సందీప్‌తో "పీఛే వాలే ఆద్మీ కీ ఆవాజ్ నికాల్ దో" అన్నాను. ఆ వెనక మనిషి గొంతు పైకి తీసివ్వమని నా ఉద్దేశం. వారం తర్వాత చూస్తే ఆయన మాట్లాడిన చోటల్లా మూగబొమ్మే.

"ఆంటీజీ, ఆప్‌నే హీ తో కహా థా, నికాల్ దో" అన్నాడతను, మీరే కదా చెప్పారని బిక్కమొహం వేసి.

భాను తల పట్టుకుంది. "అమ్మా, తీసివ్వమనాలంటే నికాల్ కే దో బోల్‌నా థా! నికాల్ దో అంటే తీసెయ్ అని!"

ముప్పై ఏళ్లు ఢిల్లీలో ఉండి నేను నేర్చిన హిందీ ఇదిరా. బూజు పట్టిన టేపులు మొదటి కాపీకే తెగిపోయాయి. ఆ కాపీనే అతను దిద్దేశాడు. ఇక మీ నాన్నగారి గొంతు ఎక్కడా లేదు. నన్ను క్షమించు.

రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. మూడో రోజు వెళ్లి దుకాణంలో మైకు ముందు కూర్చున్నాను. ఆయన మాటలన్నీ నాకు కంఠతా వచ్చు కదా. "ఒరే సుందరం, ఇటు చూడరా" అన్నాను. తెర మీద సైకిల్ ఆపి నువ్వు చటుక్కున ఇటు తిరిగావు. నాకు ఏడుపు ఆగలేదు. మెనూలో రెండు బటన్లు పెట్టించాను: "మాటలు లేకుండా", "అమ్మ గొంతుతో". ఏది ఇష్టమైతే అది నొక్కు. నేనేమీ అనుకోను.

ఒక్క చోట మాత్రం నాకు మాట దొరకలేదు. హోలీ రోజు నువ్వు రంగు ముఖంతో కెమెరా దగ్గరికి వస్తావు. ఆయన గుసగుసగా ఏదో అంటారు, నువ్వు పడీ పడీ నవ్వుతావు. టేపు బాగున్న రోజుల్లో కూడా ఆ మాట నాకెప్పుడూ వినపడలేదు. అక్కడ ఖాళీ వదిలాను. ఆయన ఏమన్నారో నీకు గుర్తుంటే రాయి నాన్నా, నేను చెప్పి నింపిస్తాను.

గుర్తు లేకపోతే, లేదని మాత్రం రాయకు.

ఇట్లు,
నీ ఉత్తరం కోసం కాచుకుని ఉండే
అమ్మ, సత్యవతి