డిటెక్టివ్ తప్పుల మీద తెల్లకాగితాలు

మాస్టారికి నమస్కారాలు.

ఈ ఉదయం మీరు తిరిగి పంపిన డిటెక్టివ్ నవల తెరవబోతే పదో పేజీ పదకొండోదాన్ని వదల్లేదు. మైదా జిగురు ఇంకా ఆరలేదు. డిటెక్టివ్ తాగిన చోట, లంచం పుచ్చుకున్న చోట, అబద్ధమాడిన చోట తెల్లకాగితం ముక్కలు అంటించారు. మొత్తం నలభై రెండు. ఊడదీసే ఓపిక నాకు లేదు. దయచేసి ఇకమీదట ఇలా చేయకండి.

లైబ్రరీ అమ్మాయి

తా.క. హంతకుణ్ణి మాత్రం ముట్టుకోలేదు. అతను తాగడు కాబట్టి కాబోలు.

---

చిరంజీవి లైబ్రరీ అమ్మాయికి ఆశీస్సులు.

ముప్పై ఏళ్లు హెడ్మాస్టరుగా పిల్లలకు బుద్ధులు చెప్పినవాణ్ణి. దొంగను పట్టేవాడే దొంగలా ఉంటే చదివేవాళ్లు ఏమైపోవాలి? ఆ వరుసలో పన్నెండు భాగాలూ తీసేయమని మీ కమిటీకి ఫిర్యాదు రాశాను. అసలు వాడిలో ఏం చూసి ఎగబడుతున్నారమ్మా జనం?

మీ మేలు కోరే మాస్టారు

తా.క. రెండో భాగం పంపు. సాక్ష్యం కోసమే.

---

మాస్టారూ,

కమిటీ వచ్చే నెల మొదటి శనివారం కూర్చుంటుంది. వాళ్లు సరేనంటే పన్నెండూ చిత్తుకాగితాల్లో కలుస్తాయి. మిగతా అలమారాల జోలికి ఎవరూ రారు గనుక నా ఉద్యోగమూ వాటితోనే.

అడిగారు కాబట్టి చెబుతాను. నేను కాన్వెంటు సిస్టర్ల బడిలో చదివాను. అక్కడి కథల్లో అందరూ మంచివాళ్లే. పుస్తకం మూశాక గదిలో నేనొక్కదాన్నే చెడ్డదాన్నిగా మిగిలేదాన్ని. ఈ డిటెక్టివ్ తప్పు చేస్తాడు, సిగ్గుపడతాడు, మర్నాడు మళ్లీ పనికి వెళతాడు. పని ముగించుకుని నీరసంగా వచ్చేవాళ్లు అతన్నే అడుగుతారు.

లైబ్రరీ అమ్మాయి

తా.క. మీరు అంటించిన భాగం చదివిన దర్జీ, “అసలు కథంతా ఈ ముక్కల కిందే ఉన్నట్టుందమ్మాయ్! ఇలాంటిదే ఇంకోటివ్వు” అన్నాడు. వెనక మరో ఆరుగురు నిలబడ్డారు.

---

అమ్మాయ్,

కొంప మునిగింది. ఎక్కడ అంటించాలో తెలియాలంటే ప్రతి వాక్యమూ చదవాలి కదా. చదివాను. ఐదో భాగంలో, కొడుకే హంతకుడని డిటెక్టివ్ ఆ తల్లికి చెప్పకుండా దాచేశాడు చూడు, అక్కడ అంటించడానికి చేయి రాలేదు. నేనూ ఒకసారి పరీక్షలో కాపీ కొడుతున్న పిల్లను చూసి, చూడనట్టు కిటికీ వైపు తిరిగాను. ఇరవై ఏళ్లుగా ఎవరికీ చెప్పుకోలేదు.

నా ఫిర్యాదు కమిటీ దాకా పోనివ్వకమ్మా.

మాస్టారు

తా.క. ఆరో భాగం మా ఆవిడ లాక్కుంది. ఏడోది ఉందా?

---

మాస్టారూ,

మీ ఉత్తరం సోమవారం అందింది. కమిటీ శనివారమే కూర్చుంది.

సాక్ష్యంగా పుస్తకం చూపించమన్నారు. మీరు అంటించిన మొదటి భాగం బల్ల మీద పెట్టాను. ముక్కలేమిటని అడిగితే మరమ్మతు అన్నాను. కమిటీవాళ్లు ముగ్గురూ వంతులవారీగా చదివారు.

“తాగుడేదీ? లంచమేదీ? ఇంత బుద్ధిమంతుణ్ణి పట్టుకుని ఆడిపోసుకుంటాడేంటయ్యా ఈ మాస్టారు!” అన్నారు అధ్యక్షులు.

ఫిర్యాదు కొట్టేశారు. ఈ నవలలు బడిపిల్లలకు బహుమతిగా ఇవ్వదగినవని కూడా రాశారు. నాకు నవ్వు రాలేదు. ఏడో భాగం దీంతో పంపుతున్నాను.

లైబ్రరీ అమ్మాయి

తా.క. మొదటి భాగానికి ఇంకో కాపీ లేదా అని కమిటీవాళ్లు అడిగారు. లేదన్నాను. ఉంది, ముక్కలు అంటించనిది, నా సొరుగులో.