తగరం మీద నూలు పోగు

శనివారం, రాజపాళయం

పొద్దున గైడు సార్ ఫోన్ చేసినారు. లేజరు కొట్టి తగరం రేకును ప్లాస్మా చేస్తే వచ్చే, కంటికి కనపడని వెలుగు వర్ణపటంలో నేను కనిపెట్టిన కొత్త గీత తగరానిది కాదంట. కార్బన్‌దంట. రేకుకు అంటిన నూలులోదంట. అచ్చయిన పరిశోధన పేపరు వెనక్కి తీసుకోమన్నారు.

ల్యాబు గుడ్డ ఉండగా, నాయన మిల్లు బ్యాండేజీ గుడ్డతో రేకును తుడిచింది నేనే. "పుండు మీద వేసేది పాపా, దీనికంటే సుద్దమైంది ఏముండాది?" అని కట్ట ఇచ్చింది ఆయనే. మా ఊరి గుడ్డ అని పొగరుగా అందరికీ చూపించినాను. మూడేండ్ల పని పోయింది.

అన్నం తింటా నాయన అడిగినాడు: "మన గుడ్డ అక్కడ బాగుండాదంటనా? ఇంకో కట్ట తీసుకపో."

సరే అంటిని. ఆయన మీసంలో నూలు పోగు ఇరుక్కోని ఉండింది. ఎప్పుడూ నేనే తీసేదాన్ని. ఈరోజు తీయలేదు.